పూత మందుకు చెయ్యి కావాలె: కొల్లాపూర్ ప్రాంతంలో పిల్లల గజ్జి, ఆకుపసరు, కులం

కొల్లాపూర్ చరిత్ర అనగానే మనకు దొరికే రాతలన్నీ సురభి వంశంతో మొదలవుతాయి. జటప్రోలు సంస్థానం, దానికి రాజధానిగా కొల్లాపూర్, రాజావారి కోట, 'చంద్రికా పరిణయం' రాసిన సురభి మాధవరాయలు, సంస్థానాన్ని ఆశ్రయించుకొని బతికిన కవులు, పండితులు. ఈ రాతల్లో ఏనుగులకు చోటున్నది, పద్యాలకు చోటున్నది, అగ్రహారాలకు చోటున్నది. కూలికి పోయిన తల్లి చెట్టు కొమ్మకు కట్టిన ఉయ్యాలలో పడుకున్న పిల్లకు మోకాళ్ల వెనక తోలు పగిలి రసి కారుతుంటే ఆ తల్లి ఏం చేసిందో ఎక్కడా లేదు. అది చరిత్ర కిందికి రాదని రాసినవాళ్ల అభిప్రాయం కావచ్చు. మా అభిప్రాయం వేరు. దళిత వాడలో తరతరాల తెలివి ఎక్కువ భాగం పుస్తకంలో లేదు, చేతిలో ఉన్నది. ఆ చేతి చరిత్రను పిల్లల గజ్జి అనే చిన్న విషయం దగ్గర పట్టుకోవచ్చునని ఈ వ్యాసంలో మా ప్రయత్నం.

ముందు పేర్ల గందరగోళం తేల్చుకోవాలి. మన పల్లెల్లో గజ్జి, తామర, చిడుము అనే మాటలు ఒకదానికొకటి కలిసిపోయి ఉన్నాయి. చిడుము పురుగు వల్ల వస్తుంది, ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. గుండ్రంగా అంచు కట్టి పాకే తామర బూజు జాతి క్రిమి వల్ల వస్తుంది, అదీ అంటుకుంటుంది. డాక్టర్లు ఎగ్జిమా అనేది ఈ రెండూ కాదు. పసిపిల్లలకు చెంపల మీద, కొంచెం పెద్దయితే మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక వస్తుంది. తోలు ఎండి, ఎర్రబడి, జిల పుట్టి, గోకితే రసి కారుతుంది. అది ఎవరికీ అంటుకోదు. తోలు తనలోని తడిని పట్టి ఉంచుకోలేకపోవడం ఇందులో అసలు సంగతి. తోలు పైపొరను గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్‌లో లోపం ఉన్నవాళ్లకు ఇది ఎక్కువగా వస్తుందని 2006లో తేలింది. అయితే ఊరి దృష్టిలో మూడూ ఒకటే, మూడూ 'గజ్జి'నే. ఆ మాట జబ్బు పేరుగా ఎంత వాడుకలో ఉన్నదో తిట్టుగా అంతకన్న ఎక్కువ వాడుకలో ఉన్నది. ఆ తిట్టు ఏ వాడ పిల్లల మీద పడుతుందో బడికి పోయిన మా తరానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అంటుకోని జబ్బుకు కూడా అంటరానితనం వచ్చింది.

ఇది ఊరి జనం తెలివితక్కువతనం వల్ల మాత్రమే వచ్చింది కాదు. దీనికి శాస్త్రాధారం ఉన్నది. చరక సంహిత కుష్ఠం కింద 18 రకాలు లెక్కపెడుతుంది. ఏడు మహాకుష్ఠాలు, పదకొండు క్షుద్రకుష్ఠాలు. నల్లబడి, దురద పుట్టి, బాగా రసి కారే విచర్చిక, అంటే ఈనాటి ఎగ్జిమాకు దగ్గరగా ఉండేది, ఆ క్షుద్రకుష్ఠాలలో ఒకటి. అంటే పసిపిల్ల మోకాలి వెనక వచ్చే దద్దుర్లు కూడా కుష్ఠు గూటిలోనే. ఇక కుష్ఠానికి కారణాలు చెబుతూ అదే గ్రంథం విరుద్ధాహారంతో పాటు బ్రాహ్మణులను, గురువులను అవమానించడం, పాపకర్మ చేయడం కూడా చేర్చింది. సుశ్రుతుడూ ఇదే దారి. ఆయుర్వేదంలో మంచి పరిశీలన లేదని మేము అనడం లేదు. విచర్చిక లక్షణాలు చెప్పిన తీరు చూస్తే రోగిని దగ్గరగా చూసినవాళ్లే చెప్పారని తెలుస్తుంది. కానీ చూసిన కన్ను ఒకటి, కారణం రాసిన కలం ఇంకొకటి. ఆరు నెలల పిల్ల ఏ బ్రాహ్మణుణ్ణి అవమానించి ఉంటుంది? గత జన్మ అని జవాబు. కులాన్ని కాపాడే జవాబే తోలు మీది పుండుకూ సరిపోయింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. లోపలికి తీసుకునే మందుకు, పైన పూసే మందుకు ఒక తేడా ఉన్నది. మాత్రను ఎత్తు నుంచి దోసిట్లోకి జారవిడవొచ్చు. కషాయం ఎట్లా కాచాలో గడప అవతల నిలబెట్టి చెప్పొచ్చు. పూత మందు అట్లా కుదరదు. పుండు కడగాలి, పొక్కు తీయాలి, పసరు పిండాలి, ఒళ్లో పండబెట్టుకొని మెల్లగా రుద్దాలి. పూత మందుకు చెయ్యి కావాలె. ముట్టుకోవడమే మైల అయిన సమాజంలో మాదిగ పిల్ల తోలు మీద చెయ్యి వేసే వైద్యుడు ఎక్కడ దొరుకుతాడు? అందువల్ల పూత వైద్యమంతా ముట్టుకునే కులాల చేతికి వచ్చింది. కాన్పు చేసి బొడ్డు కోసిన మంత్రసాని, పుండ్లు కోసి కట్లు కట్టిన మంగలి, వాడలోనే పెరిగిన అమ్మమ్మలు, నల్లమల నుంచి సంతకు దిగివచ్చిన చెంచులు. మంగలి, చాకలి, మాదిగ కులాల పనిలో ఇమిడి ఉన్న వైద్యం, శాస్త్రం గురించి కంచ ఐలయ్య 1996లో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం నుంచి రాస్తూనే ఉన్నాడు. ఆ ఆలోచనను ఒక ప్రాంతంలో, ఒక జబ్బు దగ్గర నిలబెట్టి చూడడమే ఇక్కడ మేము చేస్తున్నది.

పూత మందులకు మూలం నూనె. కొల్లాపూర్ చుట్టుపక్కల కొబ్బరి పండదు. పండేది ఆముదం. పాలమూరు, నల్లగొండ చెల్క నేలలు వానాధారపు ఆముదానికి పేరు పడ్డవి. పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రం ఆముదం మీద పని చేయడానికి కారణం కూడా అదే. గానుగ ఆముదం ఒకటి, వంటాముదం ఇంకొకటి. గింజలను దోరగా వేయించి, రోట్లో దంచి, నీళ్లు పోసి మరగబెడితే నూనె పైకి తేలుతుంది. దాన్ని మెల్లగా తేర్చి, మళ్లా కాచి నీరు పోగొడతారు. ఇది పూర్తిగా ఆడవాళ్ల పని. ఆముదం గింజలో రిసిన్ అనే ఘోరమైన విషం ఉన్నది. అది నూనెలో కరగదు, పిప్పిలోనే మిగులుతుంది, వేడికి చెడిపోతుంది. రిసిన్ పేరు ఏ ముసలమ్మకూ తెలియదు. పిప్పిని గొడ్లకు పెట్టకూడదని మాత్రం అందరికీ తెలుసు. పిల్లకు పెట్టేది వంటాముదమే కావాలని కూడా తెలుసు. ఎండి పగిలిన తోలు మీద చిక్కటి నూనె పొర కడితే తడి బయటికి పోదు. ఈనాడు చర్మవ్యాధుల డాక్టరు ఎగ్జిమా పిల్లకు మొట్టమొదట రాసేది కూడా తోలును మెత్తగా, తడిగా ఉంచే పూతనే. మా దగ్గర స్నానం కాగానే ఒళ్లు తడి ఆరకముందే నూనె రాస్తరు. డాక్టర్లూ అదే చెప్తరు, స్నానం అయిన వెంటనే రాయమని.

కానుగ, యాప అంతటా ఉన్నవే. కానుగ నూనె గురించి ఒక్క మాట. దీన్ని మొదట వాడింది మనుషుల మీద కాదని మా అనుమానం. గొర్లకు, బర్లకు గజ్జి పట్టి బొచ్చు ఊడితే కానుగ నూనె పూయడం గొల్ల, కురుమ, మాదిగ ఇండ్లలో మామూలు పని. గొడ్డు తోలును చూసి మనిషి తోలును తెలుసుకున్న జనం వీళ్లు. కానుగ నూనె పురుగు మీద పనిచేస్తుంది. అంటే చిడుముకు పనికివస్తుంది గాని, రసి కారే ఎగ్జిమా మీద పూస్తే మంట పెడుతుంది. యాపనూనె సంగతి కూడా అంతే. చిన్నపిల్లలకు యాపనూనె తాగించడం మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది. మలేసియాలో మన దక్షిణాది నుంచి పోయిన కుటుంబాల పిల్లలకు యాపనూనె తాగించగా మెదడు, కాలేయం దెబ్బతిన్న సంగతి అక్కడి డాక్టర్లు 1981లో బయటపెట్టారు. పూతకు, తాగడానికి మధ్య గీత ఎక్కడ ఉన్నదో తెలిసిన చేతిలో అది మందు. ఆ గీత చెప్పే ముసలమ్మ ఊర్లో మిగిలిపోయి, కుటుంబం ఒక్కటే ఓడెక్కితే అది విషం.

ఈ మొత్తం వ్యవహారంలో మాకు అన్నిటికన్న విలువైనదిగా కనిపించేది తంగేడు. 2014లో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పుష్పం చేసింది. బతుకమ్మలో పేర్చే పువ్వు కాబట్టి అందరూ సంతోషపడ్డారు. కానీ తంగేడు చరిత్ర పువ్వులో కన్న చెక్కలో ఎక్కువ ఉన్నది. తంగేడు చెక్కలో తోలును పదును చేసే తానిన్ దండిగా ఉంటుంది. మాదిగ లందలో సున్నంతో బొచ్చు తీసిన తోలును తంగేడు చెక్క నీళ్లల్లో, కరక్కాయ నీళ్లల్లో నానబెట్టి ఊనేవారు. మద్రాసు నుంచి విదేశాలకు పోయిన ఊనిన తోళ్ల వ్యాపారమంతా చాలా కాలం ఈ చెక్క మీదనే నడిచింది. తర్వాత దక్షిణాఫ్రికా వాటిల్ చెక్క, క్రోమియం ఉప్పు వచ్చి లందలను మూయించాయి.

తానిన్ చేసే పని ఒక్కటే. ప్రోటీన్‌ను పట్టి బిగిస్తుంది. గొడ్డు తోలును కుళ్లకుండా చేసేదీ, రసి కారే పుండు పైభాగాన్ని ఆరబెట్టేదీ అదే గుణం. జర్మనీలో ఓక్ చెట్టు చెక్క కషాయాన్ని చర్మపు వాపులకు పై పూతగా వాడవచ్చునని అక్కడి ప్రభుత్వ మూలికా సంఘం ఒప్పుకున్నది. ఓక్ చెక్కతో కూడా యూరపులో తోళ్లే ఊనేవారు. అక్కడా ఇక్కడా లంద పక్కనే మందు పుట్టింది. రోజంతా చేతులు లంద నీళ్లల్లో పెట్టిన మనిషికి ఏ నీళ్లు తోలును బిగిస్తయో, ఏ నీళ్లు మెత్తబరుస్తయో పుస్తకం చూసి నేర్చుకోవాల్సిన అవసరం లేదు. ఊరు ముక్కు మూసుకొని దూరంగా నడిచిన ఆ గుంట తోలు శాస్త్రానికి ప్రయోగశాల. తంగేడు చెక్క కషాయంతో రసి కారే కాళ్లు కడగడం, ఎండిన తంగేడు పువ్వు పొడిని పిల్లల నలుగుపిండిలో కలపడం ఆ శాస్త్రంలో భాగం. వైద్య గ్రంథాలు తంగేడును ఆవర్తకి అని సంస్కృతంలో పిలిచి తీసుకున్నాయి. చెక్క ఒలిచిన కులం పేరు తీసుకోలేదు.

తగిరంచ, కొన్ని చోట్ల తంటెం అంటారు, వానకాలం గట్ల మీద మొలిచే కూర. తిండి దొరకని రోజుల్లో వాడల కడుపు నింపింది. దీని గింజలను మజ్జిగలో నూరి తామరకు పూస్తారు. ఇందులోని క్రైసోఫనాల్ జాతి రసాయనాలు బూజు క్రిముల మీద పనిచేస్తాయి. సంస్కృతంలో దీనికి దద్రుఘ్న అనే పేరుంది. దద్రువు అంటే తామర. ఎగ్జిమాకు మాత్రం దీని వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక గాడిదగడప. నల్లరేగడి చేలల్లో నేల మీద పాకే చిన్న తీగ, వాసన భరించలేం, మేకలు కూడా ముట్టవు. తమిళులు దీన్ని మేక ముట్టని తీగ అనే అర్థం వచ్చేటట్టు పిలుస్తారు. మద్రాసులో పనిచేసిన ఈస్టిండియా కంపెనీ వైద్యుడు వైట్‌లా ఐన్‌స్లీ 1826లో అచ్చు వేయించిన 'మెటీరియా ఇండికా'లో ఈ ఆకును ఆముదంతో కలిపి మొండి గజ్జికి వాడతారని రాశాడు. తర్వాత వచ్చిన ఇంగ్లీషు మూలికా గ్రంథాలు ఇంకా స్పష్టంగా, పిల్లల కాళ్ల మీది ఎగ్జిమాకు ఇది మందు అని చెప్పాయి. మన అమ్మమ్మల ఆముదం, మన చేలల్లోని ఆకు లండన్ పుస్తకంలో అచ్చయ్యాయి. చెప్పింది ఎవరో ఆ పుస్తకంలో లేదు. ఎవరో 'స్థానిక వైద్యులు', అంతే.

ఇక్కడ ఆగి, 'చూశారా మన వాళ్ల గొప్పతనం' అని చప్పట్లు కొట్టడం సులువు. మేము ఆ పని చేయదలచుకోలేదు. గాడిదగడప అరిస్టోలోకియా జాతి మొక్క. బెల్జియంలో బరువు తగ్గించే క్లినిక్‌లో ఇదే జాతికి చెందిన చైనా మూలిక కలిసిన మాత్రలు మింగిన ఆడవాళ్ల కిడ్నీలు వరసగా పాడైన సంగతి 1993లో బయటపడింది. తర్వాత వాళ్లలో కొందరికి మూత్రనాళాల క్యాన్సర్ వచ్చింది. కారణం అరిస్టోలోకిక్ ఆమ్లం. ఈ జాతి మొక్కలున్న మందులను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2002లో మనుషులకు క్యాన్సర్ తెచ్చే వాటి మొదటి వర్గంలో చేర్చింది. ఈ విషం పనిచేయడానికి ఏండ్లు పడుతుంది. పిల్లకు పసరు పూసిన ముసలమ్మకు, ఇరవై ఏండ్ల తర్వాత ఆ పిల్లకు వచ్చిన కిడ్నీ జబ్బుకు మధ్య దారం కంటికి కనబడేది కాదు. అందువల్ల అనుభవం దీన్ని పట్టుకోలేకపోయింది. పూతే కదా అనుకోవడానికి లేదు. పగిలిన తోలు లోపలికి దారి. పైగా ఇదే ఆకును నులిపురుగులకు పిల్లలకు తాగించే అలవాటు కూడా ఉండేది. గాడిదగడప ఆకును పిల్లలకు పూయకూడదు, తాగించకూడదు. మన తెలివిని మనమే పరీక్షకు పెట్టకపోతే ఆ పని ఇంకెవరో చేస్తారు, లేదా ఎవరూ చేయరు. రెండోది ఎక్కువ ప్రమాదం.

నల్లజీడి కూడా అట్లాంటిదే. చాకలి బట్టల మీద గుర్తు పెట్టేది ఈ గింజ రసంతోనే. రెండో ప్రపంచ యుద్ధంలో మన దేశానికి వచ్చిన విదేశీ సైనికులకు మెడ మీద బొబ్బలు వస్తే, అది చాకలి గుర్తులోని జీడి రసం పని అని వాళ్ల డాక్టర్లు 1943లో రాశారు. ఆ రసంతో రోజూ చేతులు కాల్చుకున్న చాకలి మనిషి గురించి అంత శ్రద్ధగా రాసినవాళ్లను మేము చూడలేదు. జీడి గింజను పిల్ల మొలతాడుకు దిష్టి కోసం కడతారు. పగిలిన గింజ అయితే దాని కిందనే గజ్జి మొదలవుతుంది. నల్లమల చెంచులు ఏరి తెచ్చే ఈ గింజలను, ముష్టి గింజలను, తపసి జిగురును, తేనెను 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ కొంటూ వచ్చింది. సరుకుకు రేటు కట్టారు. సరుకును వాడే తెలివికి రేటు ఏ పట్టికలోనూ లేదు. హైమన్‌డార్ఫ్ 1943లో చెంచుల మీద ఒక పుస్తకం మొత్తం రాశాడు. దాన్ని ఇప్పుడు మళ్లా చెంచుల మందుల కోసం చదవాల్సిన పని ఉన్నది.

1981లో శ్రీశైలం రిజర్వాయరు కృష్ణ ఒడ్డు ఊర్లను ముంచింది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కలిపి దాదాపు వంద ఊర్లు పోయాయి. కొల్లాపూర్ తాలూకా ఊర్లు అందులో ఉన్నాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని, జటప్రోలు గుళ్లను రాయి రాయికీ నంబరు వేసి విప్పి, పైకి తెచ్చి మళ్లా కట్టారు. అది మంచి పనే. కానీ ఒడ్డు మీది కానుగ తోపులకు, వాగుల పొంటి వావిలి పొదలకు, అవి ఎక్కడున్నాయో తెలిసిన మనుషులకు ఎవరూ నంబరు వేయలేదు. మునిగిన భూమికి నష్టపరిహారం ఇచ్చారు. భూమి లేనివాళ్లకు అదీ లేదు. వాళ్లు గుంపు మేస్త్రీ వెంట పాలమూరు లేబరై ఆనకట్టల మీదికి, బిల్డింగుల మీదికి పోయారు. సిమెంటు గుట్టల పక్క గుడిసెల్లో పిల్లలు పెరిగారు. సిమెంటు తోలును తింటుంది. అందులోని క్రోమియం పడనివాళ్లకు విడవని గజ్జి తెస్తుంది. లందను మూయించిన క్రోమియమే, లంద వదిలి కూలికి పోయిన మనిషి చేతుల మీదికి సిమెంటు రూపంలో వచ్చింది.

అక్కడ ఆకు లేదు, చెప్పే ముసలమ్మ లేదు. ఉన్నది మందుల దుకాణం. మలాం అనే మాట మనకు ఉర్దూ నుంచి, యునానీ హకీముల మర్హం నుంచి వచ్చింది. ఇప్పుడు మలాం అంటే స్టెరాయిడ్ ట్యూబు. మూడు రోజుల్లో ఎరుపు పోతుంది కాబట్టి తల్లులు మళ్లా మళ్లా కొంటరు. డాక్టరు చూసి, ఎన్ని రోజులో చెప్పి రాస్తే అది మంచి మందే. చూడకుండా నెలల తరబడి పూస్తే పిల్ల తోలు పలచబడుతుంది. తామర మీద పూస్తే తామర పెరుగుతుంది. కేంద్ర ప్రభుత్వం 2018లో 14 రకాల స్టెరాయిడ్ పూతలను చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు తెచ్చింది. ఉత్తర్వు వచ్చినంత తొందరగా అలవాటు పోదు. మూలికల పేరుతో అమ్మేదంతా మూలికే అనుకోవడం కూడా పొరపాటే. లండన్ డాక్టర్లు ఎగ్జిమాకు అమ్ముతున్న 11 చైనా మూలికా క్రీములను పరీక్షిస్తే ఎనిమిదింటిలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిసి ఉన్నదని 1999లో తేల్చారు.

ఇక చట్టం సంగతి. 1995లో అమెరికాలోని మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కు పసుపుతో పుండ్లు మాన్పడం మీద పేటెంటు ఇచ్చారు. మన సీఎస్‌ఐఆర్ సంస్థ సంస్కృత, ఉర్దూ, హిందీ గ్రంథాల ఆధారాలు పెట్టి 1997లో దాన్ని రద్దు చేయించింది. దేశమంతా సంబరపడింది. మేమూ సంబరపడ్డాం. కానీ ఆ కేసులో సాక్షిగా నిలబడింది గ్రంథం. పసుపు నూరిన చెయ్యి కాదు. 2001లో మొదలైన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ లైబ్రరీ కూడా ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథాల నుంచి ఎక్కించిందే. 2002 జీవవైవిధ్య చట్టం స్థానిక ప్రజల తెలివిని వాడుకుంటే లాభంలో వాటా ఇవ్వాలన్నది. 2023లో దానికి చేసిన సవరణ గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవాళ్లకు ఆ వాటా నుంచి మినహాయింపు ఇచ్చింది. దీని అర్థం కొల్లాపూర్‌లో నిలబడి చూస్తే తెలుస్తుంది. తంగేడు ఆవర్తకిగా, తగిరంచ దద్రుఘ్నగా ఏనాడో గ్రంథానికి ఎక్కాయి. కాబట్టి వాటితో క్రీము చేసి అమ్మే కంపెనీ ఆ తెలివికి వాడకు బాకీ లేదు. చదువు నిషేధించిన కాలంలో మన దగ్గర తీసుకొని రాసుకున్నది ఇప్పుడు రాసి ఉన్నది కాబట్టి అందరిదీ అయింది.

రాయనిది ఇంకా ఎంతో మిగిలి ఉన్నది. అదే చట్టం కింద ప్రతి గ్రామంలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. మొక్క పేరు, వాడకం, తెలిసినవాళ్లు అనే గడులు అందులో ఉంటాయి. కొల్లాపూర్, పెంట్లవెల్లి మండలాల్లో పనిచేసే విద్యార్థి సంఘాల వాళ్లు, టీచర్లు ఆ రిజిస్టరును పంచాయతీ ఆఫీసులో అడిగి చూడాలని మేము కోరుతున్నాం. తెలిసినవాళ్లు అనే గడిలో ఎవరి పేర్లు ఉన్నాయో చూడండి. మాదిగ, మాల, మంగలి, చాకలి ఇండ్ల ముసలమ్మల పేర్లు, పెంటల్లోని చెంచుల పేర్లు వాళ్లు ఒప్పుకుంటే రాయించండి, ఒప్పుకోకపోతే రాయించొద్దు. తంగేడు చెక్క ఎదురుగా లంద మాట రాయించండి. గాడిదగడప ఎదురుగా పిల్లలకు వాడకూడదని ఎర్ర సిరాతో రాయించండి.